దోమ, పరాన్నజీవి, మనిషి: సికింద్రాబాద్ ఉదాహరణ

ఒక జాతి సంఖ్య ఎంతవరకు పెరుగుతుందన్నది దాని సంతానోత్పత్తి శక్తి ఒక్కటే తేల్చదు. దానికి దొరికే తిండి, దాన్ని తినేవి, దాని మీద బతికేవి కలిసి తేలుస్తాయి. ఈ సంబంధాలను లెక్కల్లోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకదానికి మూలం సికింద్రాబాద్‌లోని బోయిగూడకు వాయవ్యాన, కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో ఉంది.

1897 ఆగస్టు 16న ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రోనాల్డ్ రాస్ (1857–1932) అక్కడి ఆస్పత్రిలో హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని మచ్చల రెక్కల దోమలచేత కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టింది. చివరికి బతికి మిగిలిన రెండు దోమల్లో ఒకదాన్ని 20న కోసి చూస్తే, కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మర్నాడు రెండో దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. ఏటా 20నే ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నా, పరాన్నజీవి దోమలో పెరుగుతోందనడానికి అసలు రుజువు 21 నాటి పోలికే అనడం సబబు.

మలేరియా చక్రం మొత్తం సికింద్రాబాద్‌లోనే తేలిందన్న మాట కూడా సరికాదు. పక్షుల మలేరియాలో ఆ చక్రాన్ని రాస్ 1898లో కలకత్తాలో నిరూపించారు. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోస్తుందని అదే ఏడు ఇటలీలో గ్రాస్సీ బృందం చూపింది. ఘనత ఎవరిదన్న తగాదా చాలాకాలం నడిచింది. 1902 నోబెల్ మాత్రం రాస్‌కే దక్కింది.

జీవావరణ శాస్త్రానికి రాస్ తర్వాతి పని ఇంకా విలువైనది. 1908 నాటి మారిషస్ నివేదికలో, మలేరియా నివారణపై తన గ్రంథం 1911 కూర్పులో ఆయన సమీకరణాలతో ఒక విషయం తేల్చారు: దోమలన్నిటినీ చంపనక్కర్లేదు. మనుషులతో పోల్చి దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే పరాన్నజీవి తనంతట తానే అంతరిస్తుంది. ఆ సమీకరణాలను 1923లో విస్తారంగా విశ్లేషించిన గణితవేత్త లోట్కా పేరే, వోల్టెరా పేరుతో కలిసి, 1925–26 నాటి పరభక్షి–ఆహారజీవి నమూనాకు నిలిచింది. 1950లలో మలేరియా నిపుణుడు మెక్‌డొనాల్డ్ ఇంకో మెట్టు ఎక్కారు. దోమలో పరాన్నజీవి ఎదగడానికి సుమారు పది రోజులో, అంతకు పైగానో పడుతుంది. చాలా దోమలు అంతకాలం బతకవు. కాబట్టి దోమల సంఖ్యను తగ్గించడం కన్నా వాటి ఆయుష్షును కొద్దిగా తగ్గించినా వ్యాప్తి ఎక్కువగా పడిపోతుంది.

నగరాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ బావుల్లో, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పెరుగుతుంది. అనాఫిలిస్ ఆడదోమ ఒక విడతకు సాధారణంగా 50 నుంచి 200 గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు కిక్కిరిస్తే తిండి చాలక కొన్ని చస్తాయి, మిగిలినవి చిన్నవిగా ఎదుగుతాయి. అందువల్ల కొన్నిటిని ఏరేసినంత మాత్రాన ఎగిరే దోమలు అదే లెక్కన తగ్గకపోవచ్చు. బతికినవాటికి తిండి పెరుగుతుంది. పిల్లపురుగులను తినేందుకు వదిలే గంబూసియా చేప విదేశీ జాతి. ఇతర చేప పిల్లలనూ కప్ప పిల్లలనూ అది తింటుంది కనుక, మూసిన బావికి సరిపోయినంతగా చెరువుకు సరిపోదు. హుస్సేన్‌సాగర్ చెరువు కథ వేరు: దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క అల్లుకున్న మురికి నీటిలో ప్రధానంగా పెరిగేది క్యూలెక్స్, మనుషుల మలేరియాను మోసే దోమ కాదు.