గడియారం చూసి ఇచ్చిన మందు

1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పునరావాస వార్డుకు వచ్చే రోగుల్లో చాలామంది నడుము నొప్పితో ఏళ్లుగా మంచం పట్టినవాళ్లు. నల్లమందు జాతి బిళ్ళలు, అంటే ఓపియాయిడ్లు, లేనిదే వాళ్లకు పూట గడిచేది కాదు. ఎవరు రోజుకు ఎంత మందు వాడుతున్నారో అక్కడి సిబ్బంది ముందు కొన్నాళ్లు గమనించేవారు. తర్వాత అంత మందునూ రంగు, రుచి తెలియనివ్వని సిరప్‌లో కలిపి, నొప్పి ఉన్నా లేకున్నా, అడిగినా అడగకపోయినా, గడియారం చూసి ఇచ్చేవారు. వారాలు గడిచినా సిరప్ కొలత మారేది కాదు. అందులోని మందు మాత్రం తగ్గుతూ తగ్గుతూ, చివరికి ఉట్టి సిరప్పే మిగిలేది. ఇది రోగి కళ్లు కప్పి చేసిన పని కాదు. తగ్గించబోతున్నామని ముందే చెప్పి, ఒప్పించాకే మొదలుపెట్టేవారు.

ఈ పద్ధతిని రూపొందించిన విల్బర్ట్ ఫోర్డైస్ సర్జనూ కాదు, మత్తు డాక్టరూ కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన వాదన సూటిగా ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడల్లా బిళ్ళ వేసుకుంటే ఉపశమనం దొరుకుతుంది, పని తప్పుతుంది, ఇంట్లోవాళ్లు చుట్టూ చేరతారు. మూలుగుకూ ఉపశమనానికీ మధ్య ముడి రోజురోజుకూ బిగుసుకుంటుంది. గాయం ఎప్పుడో మానినా ఆ అలవాటు మానదు. కాబట్టి ముడి విప్పాలి.

వ్యాయామానికీ ఇదే సూత్రం. నొప్పి ఆపేదాకా రోగి ఎంత దూరం నడవగలడో ముందు కొలుస్తారు. మర్నాటి లక్ష్యాన్ని అంతకంటే కాస్త తక్కువ పెడతారు. విశ్రాంతి దొరికేది నొప్పి వచ్చినందుకు కాదు, ఆ దూరం పూర్తి చేసినందుకు. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతారు. నర్సులు మూలుగు విని హైరానా పడరు. రోగి లేచి నడిచినప్పుడు మాత్రం ఆగి పలకరిస్తారు, మెచ్చుకుంటారు. రోగి భార్యకో భర్తకో కూడా ఇదే తర్ఫీదు. ఫోర్డైస్ ఈ పద్ధతి ఫలితాలను 1973లో ఒక వైద్య పత్రికలో ప్రకటించి, 1976లో పుస్తకంగా తెచ్చారు.

ఆయనకు ముందే నేల సిద్ధమై ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఆంజియో దగ్గర హెన్రీ బీచర్ అనే సైనిక వైద్యుడు, తీవ్రంగా గాయపడిన సైనికుల్లో ఎక్కువమంది నొప్పి మందు అక్కర్లేదనడం చూసి ఆశ్చర్యపోయాడు. గాయం ఎంతో నొప్పి అంత అన్న లెక్క అక్కడ తప్పింది. 1965లో పరిశోధకులు మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం దీనికి శాస్త్రీయమైన దారి చూపింది. శరీరం పంపే నొప్పి సంకేతాలను వెన్నుపాములో ఒక ద్వారం నియంత్రిస్తుందనీ, మెదడు కూడా ఆ ద్వారాన్ని తెరవగలదు, మూయగలదనీ దాని సారాంశం. అదే సియాటిల్‌లో జాన్ బోనికా ఉన్నారు. కుర్రతనంలో కుస్తీలు పట్టి, వాటి దెబ్బల నొప్పిని జీవితాంతం మోసిన మత్తు వైద్యుడాయన. నొప్పి రోగిని ఒక్క డాక్టరు చూస్తే చాలదు, పలు శాఖలవాళ్లు కలిసి కూర్చోవాలని పట్టుబట్టింది ఆయనే.

ఇంచుమించు అదే కాలంలో లండన్‌లో వైద్యురాలు సిసిలీ సాండర్స్ కూడా గడియారం చూసే మార్ఫిన్ ఇచ్చారు. ఆమె రోగులు క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లు. నొప్పి తిరిగి తలెత్తకముందే మందు అందాలన్నది ఆమె పట్టుదల. ఒకరు మందు మానిపించడానికి, ఒకరు మందు లోటు రాకుండా చూడటానికి ఒకే గడియారాన్ని నమ్ముకున్నారు. రోగి ఏ దశలో ఉన్నాడన్నదే తేడా. ఆ తేడాను మరిచిపోవడం వల్లే తర్వాత అమెరికాలో ఓపియాయిడ్ల అనర్థమంతా జరిగిందని నా నమ్మకం.

ఫోర్డైస్ పద్ధతిలో కరుకుదనం లేకపోలేదు. ‘నీది నటన’ అన్నట్టు కొందరు రోగులకు వినబడింది. రోగి మనసులో ఏముందో అడగకపోవడం దాని లోటు. 1983లో మనస్తత్వవేత్తలు డెనిస్ టర్క్, మైకెన్‌బామ్, జెనెస్ట్ రాసిన పుస్తకం ఆలోచనలను కూడా చికిత్సలోకి తెచ్చింది. ‘ఈ నొప్పి నన్ను మింగేస్తుంది’ అన్న భయాన్ని పట్టుకుని, పరీక్షించి, మార్చుకోవడం నేర్పే ఆలోచనా ప్రవర్తనా చికిత్స (సీబీటీ) అలా నొప్పి క్లినిక్కుల్లో పాతుకుంది. అంతకు ముందే, 1979లో, మసాచుసెట్స్‌లో జాన్ కబాట్ జిన్ మందులతో నయం కాని రోగులను చేరదీసి ధ్యానం, హఠయోగం నేర్పడం మొదలుపెట్టారు. నొప్పిని తరమకుండా, దాన్ని గమనిస్తూ ఉండటమే అక్కడి సాధన.

ఇంత తెలిసిన అమెరికా బిళ్ళల వెంట ఎలా పరిగెత్తింది? 1980లో ఒక వైద్య పత్రిక అయిదు వాక్యాల ఉత్తరం అచ్చేసింది. ఆస్పత్రిలో నార్కోటిక్ మందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురే వ్యసనపరులయ్యారని దాని సారం. వాళ్లు ఆస్పత్రిలో ఉన్న రోగులు. ఇంట్లో ఏళ్ల తరబడి మింగినవాళ్లు కారు. అయినా ఆ ఉత్తరాన్ని సాక్ష్యంగా వందలసార్లు ఉటంకించారు. 1996లో పర్డ్యూ ఫార్మా ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ బిళ్ళను మార్కెట్లోకి దింపింది. వ్యసనం ముప్పు గురించి తప్పుదారి పట్టించామని 2007లో ఆ సంస్థ అనుబంధ కంపెనీ కోర్టులో ఒప్పుకుంది. మరోవైపు, డాక్టరు, సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు కలిసి వారాలపాటు చేసే చికిత్సకు డబ్బు కట్టడానికి బీమా కంపెనీలు వెనకాడాయి. మందు చీటీ రాయడం చవక. పాత నొప్పి కేంద్రాలు చాలా మూతపడ్డాయి.

ఓపియాయిడ్ల మరణాలు పెరిగాక గాలి ఎదురు తిరిగింది. 2016లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మోతాదులపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే అయినా చాలామంది వాటిని చట్టంలా చదివారు. ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు కొన్నిచోట్ల ఉన్నపళంగా మందు కోసేశారు. మందు ఆగడంతో వచ్చే విత్‌డ్రాయల్ బాధ, పెరిగిన నొప్పి, ఆత్మహత్యలు చూసి, అలా ఆపవద్దని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. బిళ్ళ తీసేసి, దాని చోట ఏమీ పెట్టకపోవడాన్ని చికిత్స అనలేం. సియాటిల్ వార్డుకు అర్ధ శతాబ్దం ముందే తెలిసిన సంగతి ఇది.

ఇప్పుడు ఆధారాలు గట్టిపడుతున్నాయి. 2018లో 240 మంది మాజీ సైనికులపై జరిగిన పరిశోధనలో, ఏడాదిపాటు చూస్తే నడుము, కీళ్ల నొప్పుల్లో రోజువారీ పనులకు ఓపియాయిడ్లు మామూలు మందులకంటే మెరుగనిపించలేదు. 2023లో ప్రకటించిన ఇంగ్లండ్ పరిశోధన దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లు వాడుతున్న 608 మందిని తీసుకుంది. మూడు రోజుల బృంద శిక్షణ, తర్వాత నర్సు విడిగా అండగా ఉండటం దాని పద్ధతి. ఏడాదికి ఈ శిక్షణ పొందిన బృందంలో 29 శాతం మంది ఓపియాయిడ్లు పూర్తిగా మానేశారు. మామూలు వైద్యం అందినవారిలో 7 శాతమే. రోజువారీ జీవితంపై నొప్పి ప్రభావంలో మాత్రం రెండు బృందాలకూ తేడా కనబడలేదు. కొందరికి ఇది నిరాశ కలిగించవచ్చు. నాకు మాత్రం ఇదే పెద్ద కబురు: మందు మానినంత మాత్రాన వాళ్ల బతుకు మరింత దుర్భరం కాలేదు.

మన దగ్గర కథ వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో క్యాన్సర్ రోగులే మార్ఫిన్ అందక విలవిలలాడిన దేశం మనది. నిబంధనలు సడలించిన 2014 సవరణ తర్వాత కూడా హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్ల ఉపశమన (పాలియేటివ్) వైద్యులు ఆ భయంతో పోరాడుతూనే ఉన్నారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ అడగడానికి వెనకాడకండి. ఏళ్లనాటి నడుము నొప్పికి ట్రమడాల్ అనే ఓపియాయిడ్ వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపకండి. డాక్టరుతో కూర్చుని, ఎన్ని వారాల్లో, ఎంతెంత చొప్పున తగ్గించాలో కాగితం మీద రాయించుకోండి. దానితోపాటు నడక, వ్యాయామం ఎవరు నేర్పుతారో కూడా అదే రోజు అడగండి.