వైఫై చరిత్రలో ఒక తెలుగు పేరు

మన సంఘ సభ్యుల్లో కొందరు పిల్లలు వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లలో, నాలాగే, యూనిక్స్ కోవకు చెందిన లినక్స్ వేసుకున్నారు. వైఫై దానంతటదే కలుస్తోంది. ఇరవై ఏళ్ల క్రితం ఇంత సులువు కాదు.

వైఫై కార్డును నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అప్పట్లో బ్రాడ్‌కామ్ వంటి సంస్థలు విండోస్‌కు డ్రైవర్ ఇచ్చేవి గాని, లినక్స్ వారికి కార్డు లోగుట్టు చెప్పేవి కావు. పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని 2003 నుంచి ‘ఎన్‌డీఐఎస్‌ర్యాపర్’ రాశారు. (పెమ్మసాని అనగానే నాకు గండికోట నాయకులు గుర్తొస్తారు.)

శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి మన అలంపూర్‌లో నిలబెట్టారు గదా! అక్కడ ప్రతి రాయీ చేతికందింది. ఇక్కడ డ్రైవర్ సీలు వేసిన పెట్టె. అందుకని పెట్టెను ముట్టక, దాని కింది నేలనే మార్చారు. విండోస్ చేసిపెట్టే పనులన్నీ లినక్స్‌లో తామే రాశారు. డ్రైవర్ ఇంకా విండోస్‌లోనే ఉన్నట్టు పనిచేసేది.

ఇలాగైతే కంపెనీలపై ఒత్తిడి తగ్గుతుందని లినక్స్ రచయితల్లో కొందరు అభ్యంతరపెట్టారు. ఆ వాదనను కొట్టిపారేయలేను. కాని నెట్ లేక కూర్చున్నవాడికి సిద్ధాంతం ఏం పనికొస్తుంది? బ్రాడ్‌కామ్ కార్డుల నడకను శోధించి ఔత్సాహికులు రాసిన డ్రైవర్ 2006లో లినక్స్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో ఆ కంపెనీయే కొన్ని కొత్త కార్డులకు బహిరంగ డ్రైవర్ విడుదల చేసింది. ర్యాపర్ అవసరం క్రమంగా తగ్గింది.