ట్రాక్టరు టైర్లలో గాలి పీడనం

ట్రాక్టరు టైర్లలో గాలి పీడనం అనగా ట్రాక్టరు టైర్లలోను, దాని వెనుక లాగే ట్రెయిలరు టైర్లలోను నింపిన గాలి కలిగించే ఒత్తిడి. మనదేశంలో దీనిని చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు (పి.ఎస్.ఐ.) అని లెక్కిస్తారు. పంక్చరు షాపులలో పాయింట్లు అని వ్యవహరించేది కూడా దీనినే. ఒక బార్ 14.5 పౌండ్లకు సమానం. బండి బరువులో అధికభాగాన్ని మోసేది టైరు రబ్బరు కాదు, దానిలో బంధించిన గాలి. అందువలన మోయవలసిన బరువు, నడవవలసిన నేల, వెళ్ళవలసిన వేగం అనే మూడింటిని బట్టి గాలిని మార్చవలసి ఉంటుంది.

గోదావరి డెల్టాలో ఈ అవసరం మిగిలిన చోట్ల కంటే ఎక్కువ. ఇక్కడ ఒకే ట్రాక్టరు ఉదయం మడిలో దుక్కి దున్ని, మధ్యాహ్నం పుంతలో నడిచి, సాయంత్రం ధాన్యం బస్తాలతో తారురోడ్డు ఎక్కుతుంది. పొలానికి సరిపడిన గాలి రోడ్డుకు తక్కువ అవుతుంది, రోడ్డుకు సరిపడిన గాలి పొలానికి ఎక్కువ అవుతుంది.

డెల్టా నేలలు

ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్నదే కోనసీమ. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజి వలన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలు పండుతున్నాయి. వాహనం నడిపేవారి దృష్టితో చూస్తే ఈ ప్రాంతంలో మూడు రకాల నేలలు కనబడతాయి. మొదటిది తడిసినప్పుడు జిగటగాను, ఎండినప్పుడు రాయివలెను ఉండే నల్లని బంకమట్టి. రెండవది ఏటి పాయల వెంబడి, లంకలలో ఉండే ఒండ్రు, ఇసుక. మూడవది సముద్రతీరపు ఇసుక. వీటిని కలిపేవి కాలువగట్లు, ఏటిగట్లు, పుంతలు. వీటిలో చాలావాటి వెడల్పు ఎదురుబండి తప్పుకోవడానికి కూడా చాలదు.

మూలసూత్రం

టైరు నేలను తాకే వైశాల్యం సుమారుగా ఆ చక్రంపై పడే బరువును గాలి పీడనంతో భాగించగా వచ్చినంత ఉంటుంది. ఉదాహరణకు ఒక వెనుక చక్రంపై 800 కిలోల బరువు ఉన్నదనుకుందాం. టైరులో 16 పౌండ్ల గాలి ఉంటే అది చదరపు సెంటీమీటరుకు 1.12 కిలోలు, కావున టైరు నేలపై సుమారు 710 చదరపు సెంటీమీటర్ల మేర ఆనుతుంది. గాలిని 12 పౌండ్లకు తగ్గిస్తే ఆ వైశాల్యం 950 వరకు పెరుగుతుంది. అంటే నాలుగు పౌండ్లు తీసినంత మాత్రాన టైరు అడుగు మూడోవంతు పెద్దదయినది. నిజానికి టైరు గోడల బిరుసు వలన ఈ లెక్క కొంత తప్పుతుంది గానీ, ఎటు మారుతుందో తెలుసుకోవడానికి చాలు.

అడుగు పెరిగితే పట్టు పెరుగుతుంది, దిగబాటు తగ్గుతుంది. దీనికి మూల్యం కూడా ఉన్నది. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి నిటారవుతాయి. వేగం పెరిగిన కొద్దీ ఆ వంపు వేడిగా మారి టైరు లోపలి పొరలను విడదీస్తుంది. కనుక తక్కువ గాలి తక్కువ వేగానికి మాత్రమే పనికివస్తుంది.

చరిత్ర

తొలినాటి ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే ఉండేవి. 1932లో అమెరికాలో ఆలిస్-ఛాల్మర్స్ సంస్థ ఫైర్‌స్టోన్ సంస్థతో కలసి గాలి టైర్ల ట్రాక్టరును తెచ్చింది. మొదటి ప్రయోగాలకు విమానాల టైర్లను వాడారు. ఇంచుమించు అదే కాలంలో బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ లిబియా ఎడారిలో ఫోర్డు కార్లతో తిరుగుతూ, మెత్తని ఇసుకలో టైర్ల గాలి తగ్గించే పద్ధతిని పాటించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు డక్ అనే ఉభయచర వాహనంలో డ్రైవరు తన సీటు నుండే గాలిని పెంచి తగ్గించే ఏర్పాటు ఉండేది. ఇప్పటి ఖరీదైన కొన్ని ట్రాక్టర్లలోనూ ఇటువంటి ఏర్పాటు లభిస్తుంది. డెల్టా రైతుకు మాత్రం గేజీ, పంపు, కొంత ఓపికే సాధనాలు.

పొలంలో

ముప్పై నుండి యాభై హార్స్ పవరు ట్రాక్టర్లకు సాధారణంగా వెనుక పెద్ద టైర్లలో పొలం పనికి 12 నుండి 14 పౌండ్లు, బరువు లాగేటప్పుడు 16 నుండి 20 పౌండ్లు పెడతారు. ముందు చిన్న టైర్లలో ఇది 24 నుండి 32 వరకు ఉంటుంది. టైరు పరిమాణాన్ని బట్టి ఈ అంకెలు మారుతాయి గనుక ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. టైరు గోడపై అచ్చువేసిన అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనమే గాని నింపవలసిన పీడనం కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం చాలా సాధారణం.

తొలకరికి తడిసి ఆరిన నేలలో దుక్కి దున్నేటప్పుడు గాలి తగ్గించిన ఫలితం బాగా కనిపిస్తుంది. చక్రం ఎంత జారుతున్నదో కొలవడం కూడా సులభమే. వెనుక టైరుపై సుద్దతో గుర్తుపెట్టి, నాగలి ఎత్తి పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం వెళ్ళినదీ కొలవాలి. తరువాత నాగలి దించి అదే విధంగా కొలవాలి. మొదటిది 41 మీటర్లు, రెండవది 36 మీటర్లు అయితే జారుడు సుమారు 12 శాతం. రెండు చక్రాల చోదకం గల ట్రాక్టరుకు 10 నుండి 15 శాతం జారుడు మంచిది. అంతకు మించితే డీజిలు, టైరు రెండూ వృథా. మరీ తక్కువగా ఉంటే అనవసరమైన బరువును మోస్తున్నట్లు లెక్క.

బరువు పెంచడానికి వెనుక ట్యూబులలో నీరు నింపడం వాడుకలో ఉన్న పద్ధతి. వాల్వును పైకి ఉంచి, వాల్వు మట్టం వరకు నీరు పోస్తే టైరు మూడువంతులు నిండుతుంది. మిగిలిన వంతులో గాలి పెట్టాలి. 13.6-28 పరిమాణపు టైరులో ఈ విధంగా 150 లీటర్లకు పైగా నీరు పడుతుంది. నీరు నింపిన టైరులో గాలికి చోటు తక్కువ కావడం వలన కొద్దిపాటి గాలి పోయినా పీడనం త్వరగా పడిపోతుంది. దానిని వాల్వు పైన ఉన్నప్పుడే కొలవాలి. నీరు ఎండు దుక్కికి మేలు చేస్తుంది, దమ్ముకు అదే నీరు చేటు. బురదలో అదనపు బరువు బండిని దింపడానికే ఉపయోగపడుతుంది.

దమ్ము విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. నీరు పెట్టి కలిపిన బురదకు పట్టు ఇచ్చే శక్తి దాదాపు ఉండదు. చక్రం ఆ బురద గుండా దిగి అడుగున ఉన్న గట్టి పొరపై నడుస్తుంది. ఏళ్ళ తరబడి దమ్ము చేయడం వలన ఏర్పడిన ఆ పొరే మడిలో నీటిని ఇంకకుండా నిలబెడుతుంది, ట్రాక్టరును కూడా మోస్తుంది. అందువలన దమ్ములో గాలి తగ్గించి ప్రయోజనం ఆశించడం సరికాదు. పైగా గాలి మరీ తగ్గితే టైరు రిమ్ముపై జారి, ట్యూబును తనతో లాగి, వాల్వును మొదలంటా తెంపుతుంది. ఇక్కడ పని చేసేవి దమ్ము చక్రాలు, అనగా టైర్లకు తోడుగా గాని వాటి స్థానంలో గాని బిగించే ఇనుప పంజరపు చక్రాలు. ఇవి బురదకు ఎంత అనువైనవో తారురోడ్డుకు అంత హానికరం. పొలం దాటగానే వాటిని విప్పకపోతే ఊరి రోడ్డు ఒక్క సీజనులోనే గాట్లు పడుతుంది.

నేల గట్టిపడటం మరొక నష్టం. పైపొర గట్టిపడటం టైరు ఒత్తిడిని బట్టి ఉంటే, లోతు పొరలు గట్టిపడటం ఇరుసుపై ఉన్న మొత్తం బరువును బట్టి ఉంటుంది. గాలి తగ్గిస్తే మొదటిది తగ్గుతుంది గాని రెండవది తగ్గదు. వరి కోతకు ముందే చేలో మినుము చల్లే చోట్ల, తడి ఆరని మడిలో టైర్ల కోత యంత్రం దిగితే చక్రాల గాడిలో మొలక మిగలదు. బెల్టు మీద నడిచే కోత యంత్రాలకు ఇటువంటి మళ్ళలో గిరాకీ ఉండటానికి ఇది ఒక కారణం.

ఇసుకలో

లంకలలోను, ఇసుక ర్యాంపులలోను ఎండిన ఇసుక ప్రధాన ఆటంకం. చక్రం ఒక్కచోట తిరిగితే తన గోతిని తానే తవ్వుకుంటుంది. దిగబడిన తరువాత ఇంజను వేగం పెంచడం కంటే, దిగబడక ముందే గాలి తీయడం మేలు. రోడ్డు మీద 30 నుండి 33 పౌండ్లతో నడిచే కారు, జీపు వంటివాటిని అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వంటి తీరాల ఇసుకలో నడపవలసి వస్తే 18 పౌండ్ల వరకు తగ్గిస్తారు. ఆపై గంటకు ముప్పై కిలోమీటర్లు మించరాదు, చక్రాన్ని ఒక్కసారిగా తిప్పరాదు. 15 కంటే తగ్గితే మలుపులో టైరు అంచు రిమ్ము నుండి ఊడిపోయే ప్రమాదం ఉన్నది. తడి ఇసుక గట్టిగా కనబడినా అలల అంచున ఆపిన బండి కింద ఇసుక కరిగిపోతుంది. పోటు సమయం తెలియకుండా అక్కడ ఆపడం ఎంత గాలి తగ్గించినా సరిదిద్దలేని పొరపాటు.

మారేడుమిల్లి వైపు మన్యపు రాతిబాటలలో పద్ధతి మారుతుంది. మామూలు కంటే ఐదారు పౌండ్లు తగ్గిస్తే కుదుపు తగ్గుతుంది గాని, అంతకు మించితే ఉబ్బిన పక్కగోడ రాతి అంచుకు కోసుకుపోతుంది.

బరువు లాగేటప్పుడు

ట్రక్కు అని, తొట్టి అని వ్యవహరించే ట్రెయిలరు టైర్లు ట్రాక్టరు టైర్ల కంటే చిన్నవి. ధాన్యం, ఇసుక, కొబ్బరికాయలు, చేపల మేత వంటి బరువులను ఇవి అధిక పీడనంతోనే మోయగలవు. పొలంలో దిగబడకుండా వీటి గాలిని తగ్గించే అలవాటు ప్రమాదకరం. బరువు దింపడం లేదా రెండు విడతలుగా తరలించడం సరైన మార్గం.

రెండు చక్రాల ట్రక్కులో సరుకు ఎక్కడ పేర్చారనేది టైరు గాలితో ముడిపడిన విషయం. సరుకు ఇరుసుకు ముందు వైపు మరీ ఎక్కువైతే ఆ భారం కొక్కెం ద్వారా ట్రాక్టరు వెనుక టైర్లపై పడుతుంది, వాటికి రెండు నుండి నాలుగు పౌండ్లు పెంచవలసి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా ట్రాక్టరు ముందు చక్రాలు తేలికవుతాయి. ర్యాంపు నుండి ఏటిగట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తే స్టీరింగు పనిచేయదు, వెనుక ఇరుసు చుట్టూ ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. కొక్కేన్ని ఇరుసు మట్టం కంటే ఎత్తున తగిలిస్తే ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. సరుకు ఇరుసుకు వెనుక ఎక్కువైతే కొక్కెం పైకి లేచి వెనుక టైర్ల పట్టు పోతుంది. ఇరుసుకు కొద్దిగా ముందు భారం ఉండేటట్లు పేర్చడం మంచిది.

గట్టు దిగేటప్పుడు మరొక చిక్కు ఉన్నది. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు. నిండు ట్రక్కు ట్రాక్టరును వెనుక నుండి తోస్తుంది. గాలి తక్కువైన వెనుక టైర్లు ఆ తోపుకు పక్కకు ఊగుతాయి. ఎత్తుగా కట్టిన గడ్డి లోడులో ట్రక్కు ఎడమ కుడి టైర్ల గాలి సమానంగా లేకపోయినా లోడు ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క చేలు ఉన్న గట్టుపై ఆ ఒరుగుడు చాలు. గేరులో ఉంచి, నెమ్మదిగా దిగాలి, న్యూట్రలు చేయరాదు.

పొలం నుండి రోడ్డుకు వచ్చే ప్రతిసారీ గాలి మార్చే వీలు అందరికీ ఉండదు. ఒకే పీడనంతో నెట్టుకురావలసి వస్తే రోడ్డు పీడనాన్ని ఎంచుకోవడమే యుక్తం. పొలంలో గాలి ఎక్కువైతే పోయేది డీజిలు, కొంత పని. రోడ్డుపై తక్కువైతే పోయేది మనిషి ప్రాణం కావచ్చు.

కొలత, ఉష్ణోగ్రత

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, అనగా బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్న తరువాత కొలవాలి. 32 పౌండ్ల టైరులో ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం సుమారు ఒకటిన్నర పౌండు పెరుగుతుంది. రాజమహేంద్రవరంలో వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండికి గేజీ ఎక్కువ చూపినదని గాలి తీసివేస్తే, తెల్లవారేసరికి అది తక్కువ అవుతుంది. నడిచి వేడెక్కిన టైరు నుండి కూడా గాలి తీయరాదు. తక్కువ పీడనాలను కొలవడానికి లారీ గేజీ పనికిరాదు. నూట యాభై పౌండ్ల వరకు చూపే గేజీలో 12కు, 15కు మధ్య తేడా ముల్లు మందమంత కూడా కనబడదు. ట్రాక్టరు వెనుక టైర్లకు 30 లేదా 60 పౌండ్ల వరకు మాత్రమే చూపే గేజీ కావాలి.