అంగస్తంభన సమస్య: కారణం కోసం వెతికిన శతాబ్దాలు

తెలుగు ఊళ్ళలో బస్టాండు గోడల మీదా, రైలు పట్టాల పక్క ప్రహరీల మీదా 'నరాల బలహీనత' అన్న మాట దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. దాని కింద ఒక లాడ్జి పేరు, వైద్యుడు వచ్చే తేదీ ఉంటాయి. పడకగదిలో అంగం గట్టిపడకపోతే మన మగవాళ్ళలో చాలామందికి ముందు తోచేది ఆ మాటే. ఆ తర్వాత గుర్తొచ్చేది కుర్రతనంలో చేసుకున్న హస్తప్రయోగం. ఇలా తప్పు చోట కారణం వెతకడం మనకొక్కరికే పట్టిన జాడ్యం కాదు. ఈ సమస్య చరిత్రంతా దాదాపు అలాగే నడిచింది. తప్పు కారణం దొరికిన ప్రతిసారీ ఎవరో ఒకరు నింద మోశారు. ఒకప్పుడు మంత్రగత్తె, ఒకప్పుడు భార్య, ఎక్కువసార్లు ఆ మనిషే.

ప్రాచీన వైద్యుల్లో సుశ్రుతుడి దగ్గర కొంచెం ఆగాలి. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో మగతనాన్ని నిలిపే వాజీకరణం ఒకటి. సుశ్రుత సంహిత క్లైబ్యాన్ని, అంటే మగతనం లోపించడాన్ని, ఆరు రకాలుగా చెప్పింది. మొదటిది మనసుకు సంబంధించినది: ఇష్టం లేని కలయిక, మనసును కలతపెట్టే ఆలోచన. తర్వాత తిండిలో అతి, కలయికలో అతి, అంగానికి వచ్చిన జబ్బు లేదా మర్మస్థానానికి తగిలిన దెబ్బ, పుట్టుకతో వచ్చినది, కోరికను పట్టి బిగించడం వల్ల వచ్చినది. ఈ వివరాలన్నీ నేటి వైద్యం ఒప్పుకోదు. కానీ ఒకే కారణం చూపించి ఊరుకోకుండా మనసునూ దేహాన్నీ ఒకే వరసలో నిలబెట్టిన ఆ చూపు గొప్పది. ఐరోపా అక్కడికి చేరడానికి చాలా కాలం పట్టింది. మందుల దగ్గరికొస్తే పాలు, నెయ్యి, మినుములు, దూలగొండి గింజలు. బక్కచిక్కిన మనిషికి అవి బలమే. పొట్ట పెరిగి షుగరు ముదిరిన ఈనాటి మనిషికి అదే నెయ్యి సలహా ఇస్తే కీడు చేసినట్టే. మధుమేహానికీ మగతనం సన్నగిల్లడానికీ సంబంధం ఉందని పదకొండో శతాబ్దపు పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా అప్పుడే గుర్తించాడు. ఆ ఒక్క పరిశీలన వెంట అందరూ నడిచి ఉంటే ఎంత బాధ తప్పేదో!

నడవలేదు. పదిహేనో శతాబ్దం చివర అచ్చయిన 'మల్లెయుస్ మలెఫికారుం' అనే గ్రంథం, మంత్రగత్తెలు మగవాళ్ళ శక్తిని కట్టేస్తారని చెప్పి ఆడవాళ్ళ వేటకు ఊతమిచ్చింది. ఫ్రాన్సులో విడాకులకు దారి లేని రోజుల్లో భర్త అసమర్థుడని భార్య చర్చి కోర్టుకెక్కితే, వైద్యులు, మంత్రసానులు సాక్షులుగా ఉండగా ఆ దంపతులు కలిసి చూపించాల్సి వచ్చేది. 1659లో లాంజే అనే మార్క్విస్ ఈ పరీక్షలో ఓడి, భార్యనూ పరువునూ పోగొట్టుకున్నాడు. తర్వాత ఇంకో పెళ్ళి చేసుకుని ఏడుగురు పిల్లలకు తండ్రి అయ్యాడు. చివరికి 1677లో పారిస్ న్యాయస్థానం ఆ పరీక్షనే రద్దుచేసింది. భయం, సిగ్గు ఒక ఆరోగ్యవంతుణ్ణి ఎలా నిలువునా చల్లార్చగలవో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈలోగా శరీరాన్ని కోసి చూసినవాళ్ళు తమ పని తాము చేసుకుపోయారు. అంగంలో నిండేది గాలి అన్న పాత నమ్మకాన్ని లియొనార్డో డా విన్సీ కాదన్నాడు, నిండేది రక్తమన్నాడు. 1668లో డచ్చి వైద్యుడు రేనియర్ డ గ్రాఫ్ శవంలోని రక్తనాళాల్లోకి నీరు ఎక్కించి స్తంభన తెప్పించి చూపించాడు. 1863లో జర్మనీలో ఎకార్డ్, కుక్కల కటి భాగంలోని నరాలకు విద్యుత్తు తగిలించి అదే ఫలితం రాబట్టాడు. అంటే నరం ఆజ్ఞ ఇస్తుంది, రక్తం వచ్చి నిండుతుంది. అసలు విషయం ఇదే.

కానీ అదే కాలంలో జనానికి చేరింది ఇది కాదు, భయం. 1760లో స్విస్ వైద్యుడు టిస్సో, వీర్యం పోతే ఒళ్ళంతా గుల్లవుతుందని పుస్తకం రాశాడు. మన దేశంలో వీర్యాన్ని విలువైన ధాతువుగా చూసే పాత నమ్మకం ఉండనే ఉంది. ఆ భయమే జబ్బుగా మారి కుర్రాళ్ళను ఆస్పత్రులకు ఈడుస్తోందని గమనించి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ దానికి ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. హస్తప్రయోగం వల్ల అంగస్తంభన పోదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే పెళ్ళికి ముందు ఈ దిగులుతో చావడం గురించి కూడా ఆలోచించే కుర్రాళ్ళు ఇంకా ఉన్నారు.

వృషణాల వెంట పడిన అధ్యాయం మరొకటి. 1889లో బ్రౌన్-సెకార్డ్ అనే ప్రముఖ శాస్త్రవేత్త, తన 72వ ఏట జంతువుల వృషణాల రసం ఎక్కించుకుని యౌవనం తిరిగొచ్చిందని ప్రకటించాడు. 1920ల్లో పారిస్‌లో వొరొనోఫ్ అనే సర్జన్ కోతి వృషణాల ముక్కలు మనుషులకు అతికించాడు. 1935లో టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ హార్మోన్ నిజంగా తగ్గినవాళ్ళకే దానితో పని. రక్తపరీక్ష లేకుండా ఆ ఇంజెక్షన్ వేయించుకోకూడదు.

ఇరవయ్యో శతాబ్దం సగం పైగా నింద మనసు మీద పడింది. ఫ్రాయిడ్ శిష్యగణం చిన్ననాటి సంఘర్షణలు తవ్వింది. 1970లో అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ భార్యాభర్తలిద్దరికీ కలిపి చేసే వైద్యం చెప్పారు: కొన్నాళ్ళు కలయిక మాటే ఎత్తకుండా ఒకరినొకరు స్పర్శతో తెలుసుకోవడం. 'ఈసారైనా కుదురుతుందా' అని తన్ను తాను కాపలా కాసే మనిషికి ఆ కాపలాయే అడ్డు అని వాళ్ళు గ్రహించారు. పడుచువాళ్ళ విషయంలో ఆ వైద్యం ఈనాటికీ పనికొస్తుంది. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, యాభై దాటిన షుగరు రోగిని కూడా 'అంతా నీ మనసులోనే ఉంది' అని పంపేశారు. నిద్రలో కలలొచ్చే దశలో ఆరోగ్యవంతుడికి స్తంభన దానంతటదే వస్తుందని నిద్ర పరిశోధకులు తేల్చాక ఈ చిక్కు వీడింది. దీనికో చవకైన పరీక్ష కూడా వచ్చింది. పడుకునే ముందు అంగం చుట్టూ తపాలా బిళ్ళల వరస ఒకటి ఉంగరంలా అంటించుకోవాలి. తెల్లారేసరికి చిల్లుల దగ్గర అది చిరిగి ఉంటే నరాలు, నాళాలు పనిచేస్తున్నట్టే, అప్పుడు మనసు వైపు చూడొచ్చు. చిరగకపోతే ఒంట్లో ఏదో ఉందేమోనని అనుమానించాలి.

1982లో ఫ్రెంచి సర్జన్ విరాగ్, పాపావెరిన్ ఇంజెక్షన్‌తో స్తంభన వస్తుందని ప్రకటించాడు. మరుసటి ఏడు లాస్ వెగాస్ సభలో బ్రిటిష్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ ఒదులైన ట్రాక్‌సూట్‌తో వేదికెక్కాడు. హోటల్ గదిలోనే మందు ఎక్కించుకుని వచ్చాడు. స్లైడ్లు చూపించాక, ప్రసంగం ఎవరికీ కోరిక పుట్టించదు కదా అంటూ బట్ట దించి వైద్యుల కళ్ళెదుటే రుజువు చూపించాడు. సభలో మర్యాద మంటగలిసిందేమో గానీ, మనసు ప్రమేయం లేకుండా రక్తనాళాలను సడలిస్తే చాలన్న సంగతి ఆ సాయంత్రం తేలిపోయింది.

ఆ నాళాలను సడలించేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని ఆ తర్వాత తెలిసింది. రక్తనాళాల్లో దాని పాత్ర కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. అదే ఏడు మార్చిలో వయాగ్రాకు అమెరికాలో అనుమతి దొరికింది. ఇంగ్లండులోని శాండ్‌విచ్‌లో ఫైజర్ దాన్ని తయారుచేసింది గుండెనొప్పి కోసం. గుండెకు పెద్దగా పనికిరాలేదు, మగవాళ్ళు చెప్పిన 'పక్క ఫలితం' పనికొచ్చింది. ఈ మాత్ర కోరిక పుట్టించదు. కోరిక కలిగినప్పుడు వచ్చే రక్తాన్ని నిలబెడుతుంది, అంతే. గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

నా దృష్టిలో మాత్ర కంటే విలువైన పాఠం మరొకటి ఉంది. 1994లో వెలువడిన మసాచుసెట్స్ సర్వేలో 40 నుంచి 70 ఏళ్ళ మగవాళ్ళలో సగం మందికి పైగా ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉందని తేలింది. అంగానికి వెళ్ళే ధమని 1, 2 మిల్లీమీటర్లే ఉంటుంది, గుండె ధమని 3, 4 మిల్లీమీటర్లు. కాలవలో పూడిక ముందు సన్న పాయనే మూసేసినట్టు, షుగరు, బీపీ, పొగ, కొలెస్ట్రాల్ చేసే నష్టం ఇక్కడే ముందు బయటపడుతుంది. గుండెజబ్బు లక్షణాలు తర్వాత రెండు మూడేళ్ళకు కనిపించవచ్చు. 2004లో ఇటలీలో 110 మంది స్థూలకాయులతో చేసిన పరిశోధనలో, తిండి మార్చి నడక పెంచి బరువు తగ్గినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి మందు లేకుండానే సమస్య తీరింది. ఇవి కాక కొన్ని బీపీ మందులు, దిగులుకు వాడే మందులు, అతిగా తాగడం, వెన్నుపాము దెబ్బలు, ప్రోస్టేట్ ఆపరేషన్లు కూడా కారణాలే. వాడుతున్న మందు మీద అనుమానం వస్తే సొంతంగా మానేయకుండా రాసిన డాక్టరుకే చెప్పాలి.

మన దగ్గర 1954 నాటి చట్టం ఇలాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్నే నిషేధించింది. అయినా గోడల మీద రాతలు చెరగలేదు. విజయవాడలో డాక్టర్ జి. సమరం లాంటివారు తెలుగు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు ఏళ్ళ తరబడి ఓపిగ్గా జవాబులు రాసి ఆ గోడల అబద్ధాన్ని కొంతైనా తగ్గించారు. వనమూలికలని అమ్మే పొడుల్లో రహస్యంగా వయాగ్రా మందే కలిపినట్టు అనేక దేశాల పరీక్షల్లో బయటపడింది. ఎంత కలిపారో తెలియని పొడి గుండె రోగి నోట్లో పడితే ఏమవుతుందో ఆలోచించండి.

కాబట్టి ఈ ఇబ్బంది వారాల తరబడి కొనసాగుతుంటే లాడ్జి గదికి కాదు, మామూలు ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. మీ భార్యకు కూడా చెప్పండి. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి, గుండె సంగతి అడగండి, సిగరెట్ ఆపండి.