రేవుకి ఎవరు కాపలా?

గుంటూరు, ప్రకాశం అనగానే మనకి ముందు ముక్కుపుటాలు అదురుతాయి. కళ్ళాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, యార్డులో బస్తాల గుట్టలు, నల్లరేగడి చేలల్లో తెల్లగా విచ్చుకున్న పత్తి... ఇవే కళ్ళముందు మెదులుతాయి. సముద్రం గుర్తుకు రాదు. చీరాలకి బట్టలు కొనుక్కోవడానికి వెళ్ళినవాళ్ళు వీలైతే ఓడరేవు దాకా వెళ్ళి పాదాలు తడుపుకుని వస్తారు, అంతే. ఆ చీరాలకి దక్షిణంగా, చినగంజాం ఉప్పు మడులకి దగ్గర్లో మోటుపల్లి అని ఒక పల్లెటూరు ఉంది. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట తెలుగుదేశానికి వీధి గుమ్మం ఆ వూరే!

గుమ్మం అన్నాక దానికి గడియ ఉండాలి, కాపలా ఉండాలి. వచ్చేవాడెవరో, ఏం తెచ్చాడో చూసి లోపలికి పంపే మనిషి ఉండాలి. ఇవాళ అమ్మాయి పురిటికని అమెరికా ప్రయాణం కట్టిన తల్లికి ఈ గుమ్మం సంగతి బాగా తెలుసు. పాస్‌పోర్టు, వీసా, కస్టమ్స్! సూట్‌కేసు అడుగున చీరల మధ్య దాచిన కారప్పొడి పొట్లాన్ని యూనిఫారం కుర్రాడు పైకి తీసి "ఇదేమిటి?" అంటే గుండె ఝల్లుమంటుంది. ఎంత విసుక్కున్నా లోపల ఒక ధైర్యం మాత్రం ఉంటుంది. వాళ్ళ రూలు ప్రకారం కట్టమన్నది కట్టేస్తే మన సామాను మన చేతికిచ్చి వెళ్ళనిస్తారని. ఆ ధైర్యం మొదటినుంచీ ఉన్నది కాదు సుమా. ఎవరో ఒకరు ఇస్తేనే వచ్చింది.

మన తీరాన ఓడలకి సహజమైన ఆశ్రయం తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, కొబ్బరి పీచు తాళ్ళతో చెక్కలు కుట్టిన పడవలు కెరటాలకి ఎదురెళ్ళి సరుకు దించుకొచ్చేవి. మేకులు కొట్టిన పడవైతే ఆ కెరటాల దెబ్బకి పగిలిపోతుంది. కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు వంగి తట్టుకుంటుంది. ఇక తుఫాను వచ్చిందంటే ఏ పడవా లేదు, ఏ ఓడా లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన చూసినవాళ్ళకి, విన్నవాళ్ళకి ఈ సముద్రం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి తుఫానులో చిక్కుకుని, ఎక్కడికో పోవలసిన ఓడ దారితప్పి మన వొడ్డున పడితే? అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ నేలనేలే రాజువే! పాత రాజులందరూ అలాగే లాక్కునేవారట. ప్రాణాలు అరచేత పట్టుకుని ఈది వొడ్డెక్కిన వర్తకుడు, తన సరుకు రాజుగారి భటులు బళ్ళకెత్తుతుంటే చూస్తూ నిలబడాలన్నమాట. చూడండి చోద్యం, సముద్రం చేసిన దోపిడీకి రాజుగారు వారసుడు!

ఈ "అట" నా కల్పన కాదు. పాత రాజులు ఇలా చేశారని స్వయంగా రాయించినవాడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. శక సంవత్సరం 1166, అంటే 1244-45లో, మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మండపంలోని స్తంభం మీద ఆయన చెక్కించిన శాసనాన్ని చరిత్రకారులు అభయశాసనం అంటారు. దాని సారం ఇంత: సముద్రం మీద ప్రయాణం చేసే సాహసికులకి ధనం ప్రాణంకన్నా ఎక్కువ. అంచేత దయతోనూ, కీర్తికోసమూ, ధర్మంకోసమూ మేము వాళ్ళ సొత్తు ముట్టుకోము. నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళదే.

ఆ సుంకం ఎంత? వచ్చే సరుకు మీదా, పోయే సరుకు మీదా ముప్పయ్యో వంతు. పైగా ఏ సరుకుకి ఎంతో విడివిడిగా కూడా చెక్కించారు. గంధపు చెక్క, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకలు... ఆడపిల్ల పెళ్ళికి రాసుకున్న సామాన్ల జాబితాలా ఉంటుంది. ఆ జాబితాలో మిరపకాయ మాత్రం లేదు. ఎలా ఉంటుంది? అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ వెంట మన దేశానికి వచ్చింది పదహారో శతాబ్దంలో. మిరియం పేరునే కాస్త మార్చి దానికి పెట్టుకున్నాం. ఇవాళ గుంటూరు పేరు చెబితే ముందు వినిపించే ఆ కారం కూడా ఒకప్పుడు రేవులో దిగిన పరదేశీయే!

గణపతిదేవుడి దయని నేను శంకించను గానీ, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన లెక్క తెలిసిన మనిషి. వొడ్డున పడ్డ ఓడని దోచుకుంటే ఆ ఒక్కసారే లాభం. ఆ కబురు తెలిశాక మరో ఓడ ఆ దిక్కు చూడదు. వదిలేస్తే, ఆ వర్తకుడు బాగుపడి, వచ్చే ఏడు పదిమందిని వెంటేసుకుని వస్తాడు. ముప్పయ్యో వంతు చొప్పున ఏటేటా రాబడి. పొదుపుగా కాపురం చేసుకునే ఏ ఇల్లాలికైనా అర్థమయ్యే లెక్కే. గుర్రాలు ఎగుమతిదారుల దగ్గర కొనవలసిన రాజుకి మరీ బాగా అర్థమవుతుంది.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఏం జరుగుతోందో చూస్తే నవ్వొస్తుంది. అక్కడా వొడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ సొత్తు రాజుదే. 1275లో అక్కడ ఒక చట్టం చేశారు. ఓడలోంచి ఒక మనిషి గానీ, ఒక కుక్క గానీ, ఒక పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే దాన్ని పగిలిన ఓడగా లెక్కించకూడదని! సొంతదారు ఏడాదీ ఒకరోజులోగా వచ్చి నిరూపించుకుంటే సరుకు ఇచ్చెయ్యాలి. అంటే అక్కడి వర్తకుడు పిల్లిని నమ్ముకోవాలి. మోటుపల్లిలో దిగినవాడికి ఆ అవసరం అంతకు ముప్పై ఏళ్ళ కిందటే తీరింది.

గణపతిదేవుడికి మగపిల్లలు లేరు. కూతురు రుద్రమదేవిని మగవాడిలా పెంచి, రుద్రదేవ మహారాజు అని పేరుపెట్టి సింహాసనం ఎక్కించిన కథ మనకి తెలుసు. ఇంకో కూతురు గణపాంబ సంగతి మాత్రం అందరం అంతగా చెప్పుకోం. ఆవిణ్ణి ధరణికోట నేలే కోట బేతరాజుకి ఇచ్చారు. భర్త పోయాక గుంటూరు ప్రాంతాన్ని ఆవిడే పాలించింది. యనమదలలో ఆవిడ శాసనం ఉంది. అక్కగారు ఓరుగల్లులో, చెల్లెలు కృష్ణ వొడ్డున... సముద్రం మీద నుంచి వచ్చిన సరుకు వీళ్ళిద్దరి ఏలుబడిలోనూ నడిచింది. వెనిస్ నుంచి వచ్చిన మార్కోపోలో మోటుపల్లిని 'ముట్ఫిలి' అని రాసి, ఆ రాజ్యాన్ని ఒక స్త్రీ నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలిందని మెచ్చుకున్నాడు. రుద్రమ రాజుగారి కూతురని తెలియక భార్య అనుకున్నాడు, పాపం! కూతురికి రాజ్యం ఇస్తారని ఆయన ఊహకి తట్టి ఉండదు. ఇక్కడి సన్నబట్టల్ని సాలెగూడుతో పోల్చి, వాటిని కట్టుకోనన్న రాజూ రాణీ ఉండరన్నాడు. పత్తి నేల కదా మరి.

1323లో ఓరుగల్లు పడిపోయింది. రేవు చేతులు మారింది. రెడ్డిరాజుల్లో మల్లారెడ్డి దాన్ని పట్టుకున్నాడు. ఆ తరవాత కొండవీటిని ఏలిన అనవోతారెడ్డి కాలంలో, 1358లో, మోటుపల్లిలో ఇంకో అభయశాసనం వేశారు. ఈసారి తెలుగుతోపాటు తమిళంలో కూడా చెక్కించారు. వచ్చేవాడికి చదవడం రాని భాషలో బోర్డు పెట్టి ఏం లాభం? ఇక్కడ కాపురం ఉండడానికి వచ్చే వర్తకులకి భూమి ఇస్తాం, వెళ్ళిపోతామంటే బలవంతంగా ఆపం, సరుకు ఎవరికి ఇష్టమైతే వాళ్ళకి అమ్ముకోవచ్చు, గంధం మీద సుంకంలో మూడోవంతు తగ్గించాం, అని. వీటన్నిటిలో నా కళ్ళు నిలిచిపోయింది ఒక్క మాట మీద. అపుత్రికా దండం తీసేశారు.

కొడుకు లేకుండా చచ్చిపోయినవాడి ఆస్తి రాజుగారి బొక్కసానికి పోవడం అపుత్రికం. ఇంట్లో భార్య ఉండొచ్చు, నలుగురు ఆడపిల్లలుండొచ్చు. అయినా కొడుకు లేడు గనక దిక్కులేని సొత్తు కిందే లెక్క! పగిలిన ఓడ మీద పడ్డట్టే పగిలిన సంసారం మీదా పడేవారన్నమాట. మోటుపల్లి రేవులో ఆ వర్తకుల ఇళ్ళకి ఆ పీడ వదిలింది. దేశమంతటి ఆడవాళ్ళకీ వదల్లేదు, నిజమే. అయినా రేవులో వర్తకుడు స్థిరపడాలంటే, తను పోయాక ఇంటి ఆడవాళ్ళు వీధిన పడరన్న నమ్మకం ఉండాలని ఆ మంత్రులకి తోచింది. ఆ రేవుల రాబడి ఎలాంటిదో శ్రీనాథుడి హరవిలాసం పీఠికలో కనిపిస్తుంది. దాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు తెప్పించిన షావుకారు.

తరవాతి రెండు మూడు వందల ఏళ్ళు గబగబా దాటేద్దాం. పక్కనే ఉన్న నిజాంపట్నంలో 1606లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. బట్టలకి ఎర్రరంగు అద్దే చిరివేరు అక్కడ శ్రేష్ఠంగా దొరికేది. అద్దకం బట్టల కోసం వచ్చినవాళ్ళు కోటలు కట్టుకున్నారు, సిపాయిల్ని పెట్టుకున్నారు. ఇంతవరకూ కాపలా ఇంటివాళ్ళది, వచ్చేవాళ్ళు చుట్టాలు. ఇక్కణ్ణుంచి కథ తిరగబడుతుంది.

1766లో ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికి పోయినా, గుంటూరు సర్కారు మాత్రం నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్‌కి బతికినన్నాళ్ళు జాగీరుగా మిగిలింది. ఆయన మకాం ఆదోని. చుట్టూ ఒక పక్క అన్నగారి వాళ్ళు, ఒక పక్క హైదర్ అలీ, ఒక పక్క మరాఠాలు, సముద్రం వైపు కుంఫిణీ. భయం వెయ్యదూ? సొంత బలం చాలక ఫ్రెంచి పటాలాన్ని జీతానికి పెట్టుకున్నాడు. దానికి నాయకుడు లాలీ. వందవాసిలో ఓడిపోయిన లాలీ కాదు, వేరే మనిషి. ఆ పటాలానికి మనుషులూ, మందుగుండూ దిగే రేవు ఏదనుకున్నారు? మన మోటుపల్లే! గంధమూ పన్నీరూ దిగిన చోట తుపాకులు దిగాయి.

మద్రాసు దొరలకి నిద్రపట్టలేదు. అటు మచిలీపట్నం, ఇటు కర్నాటకం తమ చెప్పుచేతల్లో ఉంటే నడుమ ఈ ఒక్క కిటికీ తెరుచుకుని ఉంది. పైగా 1778లో ఫ్రెంచివాళ్ళతో యుద్ధం. 1779లో గవర్నరు రంబోల్డు బసాలత్ జంగ్‌తో ఒడంబడిక చేసుకున్నాడు. ఫ్రెంచివాళ్ళని పంపెయ్యి, గుంటూరు మాకు అద్దెకివ్వు, నీకు మేము కాపలా పంపిస్తాం, అని. జాగీరుదారుకి కాపలావాళ్ళు మారారు, అంతే. కుంఫిణీ వాళ్ళు గుంటూరుని తెచ్చి ఆర్కాటు నవాబుకి కౌలుకిచ్చారు. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు దాన్ని ఇంకొకడికి అద్దెకిచ్చినట్టు! నవాబుకి శిస్తు కట్టవలసిన రైతుని ఎవరూ అడగలేదు.

తరవాత జరిగింది వింటే ఆశ్చర్యం వేస్తుంది. తనని అడగకుండా చేశారని నిజాం మండిపడ్డాడు. తన పొలిమేర మీదుగా ఆదోనికి పోబోయిన ఇంగ్లీషు సిపాయిల్ని హైదర్ మనుషులు అడ్డగించారు. 1780లో హైదర్ కర్నాటకం మీద పడ్డాడు. గుంటూరులో ఉన్న ఇంగ్లీషు దండుని బెయిలీ అనే కర్నలు నడిపించుకుంటూ దక్షిణానికి వెళ్ళాడు. సెప్టెంబరు 10న కంచికి దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పు సేనలు దాన్ని తుడిచిపెట్టాయి. ఆ సేనల్లో లాలీ కూడా ఉన్నాడు! బసాలత్ జంగ్ మాజీ కాపలాదారులూ, కొత్త కాపలాదారులూ గుంటూరుకి వందల మైళ్ళ దూరాన ఒకరినొకరు చంపుకున్నారన్నమాట. శ్రీరంగపట్నం యాత్రకి వెళ్ళినవాళ్ళు దరియా దౌలత్ మహలు గోడ మీద ఈ యుద్ధం బొమ్మ చూసే ఉంటారు. పల్లకీలో కూర్చున్న దొర బెయిలీయే.

కలకత్తా వాళ్ళు మందలించి గుంటూరుని బసాలత్ జంగ్‌కి తిరిగి ఇప్పించారు గానీ, 1782లో ఆయన పోయాడు. నిజాం ఆరేళ్ళు నాన్చి, 1788లో కుంఫిణీకి అప్పగించాడు. ఫ్రెంచి ఓడ దిగుతుందన్న దిగులు తీరాక మోటుపల్లి కోసం మద్రాసులో ఎవరూ ఉత్తరాలు రాసుకోవలసిన పని లేకపోయింది.

గణపతిదేవుడి శాసనాన్ని చదివి, ఇంగ్లీషు చేసి, ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో అచ్చువేయించిన పండితుడు హుల్ట్‌జ్. జర్మనీ దేశస్థుడు. రేవులో దిగే పరదేశీయుల కోసం రాయించిన మాటలు మళ్ళీ ఒక పరదేశీయుడే చదివి పెట్టాడు.