జీపు బండి చరిత్ర: బోల్తా నేర్పిన పాఠము



నేటి ప్రసంగమునకు విషయము జీపు బండి చరిత్ర. పల్లెపట్టున నుండు పెద్దలకు ఈ చరిత్రతో నేమి పని యని కొందరకు తోచవచ్చును. పని కలదు. దుగ్గిరాల, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో పాత జీపునో, జిప్సీనో చౌకగా కొని, దానిని పైకెత్తించి, పెద్ద టైర్లు తొడిగించి తిరుగవలెనను ముచ్చట యువకులలో కనబడుచున్నది. ఆ సొమ్ము తరచుగా పెద్దల చేతి నుండియే పోవలెను. ఆ బండిలో కూర్చుండువారు మన యిండ్ల పిల్లలే. కావున, కొందు నని వచ్చినవానికి ఔననుటకో, కాదనుటకో ముందు ఆ బండి పూర్వోత్తరములను తెలిసికొనుట మంచిది.

ఎనుబది యేండ్లకు మించిన ఆ చరిత్ర సారమును మొదటనే చెప్పెదను. ఈ బండిని కట్టినవారే, అది తలక్రిందులగుటను చూచి చూచి, దానిని క్రమముగా వెడల్పు చేయుచు, క్రిందికి దించుచు వచ్చిరి. మనము దానిని పైకెత్తుట యనగా ఆ చరిత్రను వెనుకకు త్రిప్పుటయే.

ఈ సంగతిలోని మూలసూత్రము మన డెల్టా రైతునకు క్రొత్త కాదు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు, వానితోపాటు కాలువ కట్టలు, మన ప్రాంతమున వ్యాపించినవి. ఆ కట్టలే బండ్లకు బాటలైనవి. దుగ్గిరాల సంతకు పసుపు బస్తాలు తోలినవానికిని, పొలము నుండి వరిగడ్డి తోలినవానికిని ఒక మర్మము తెలియును. బస్తాల బండి పల్లమున ఒరిగినను నిలదొక్కుకొనును. అంతే బరువుగల గడ్డి బండి అదే పల్లమున పడిపోవును. బరువు సమానమే; కాని గడ్డి బండిలో ఆ బరువు మీదికి పోయినది. బరువంతయు ఒక్కచోట కూడినట్లు భావించు ఆ బిందువును శాస్త్రజ్ఞులు గరిమనాభి యందురు. అది యెంత మీద నుండునో, చక్రముల నడిమి యెడము ఎంత తక్కువగ నుండునో, బండి అంత సులువుగా బోల్తాపడును. ఎద్దుబండికిని, జీపునకును ఈ న్యాయమొక్కటే.

ఇక జీపు పుట్టుక. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940 జులైలో, అమెరికా సైన్యము గతుకుల నేలపై నాలుగు చక్రములతోను లాగుకొనిపోగల చిన్న బండి కావలెనని 135 కంపెనీలను అడిగెను. పెన్సిల్వేనియా రాష్ట్రములోని బాంటమ్ కంపెనీ కొరకు కార్ల్ ప్రోబ్‌స్ట్ అను ఇంజనీరు దాని రూపమును గీసెను. మొదటి బండి 1940 సెప్టెంబరు 23వ తేదీన సైన్యమునకు అందెను. పిదప విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును 80 అంగుళముల దూరము. కుడి చక్రమునకును ఎడమ చక్రమునకును సుమారు 49 అంగుళముల యెడము. గ్లైడరు విమానములలో సైతము ఎక్కించుకొని పోదగిన బండి అది. సన్నని బాటలలో దూరుటకు ఆ యిరుకుదనము వరము. పెద్ద వేగముతో మలుపు తిరుగుటకు అదియే శాపము. నాడు సైనికులకు మొదటిదే ముఖ్యము గాన రెండవదానిని సహించిరి.

యుద్ధానంతరము ఆ బండి మన దేశమునకును వచ్చెను. 1945లో స్థాపితమై తరువాత మహీంద్రా అండ్ మహీంద్రా అను పేరు పొందిన కంపెనీ, 1949లో బొంబాయి నగరములోని మజగాంవ్‌లో విల్లీస్ జీపుల భాగములను కూర్చి బండ్లను సిద్ధపరచ నారంభించెను. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలైన పిమ్మట బ్లాకు అధికారి జీపు పల్లెలకు పరిచితమయ్యెను. నాటి కంకర రోడ్లపై, మట్టి కట్టలపై వేగమునకు చోటు లేదు. బండి స్వభావములోని లోపమును రోడ్డు గతుకులే కప్పిపుచ్చినవి. అదే బండి నున్నని తారు రోడ్డు ఎక్కినపుడు ఆ లోపము బయటపడును.

అమెరికాలో నది ముందుగా బయటపడెను. అచ్చటి సైన్యము 1960 ప్రాంతమున ఎం-151 అను క్రొత్త చిన్న బండిని ప్రవేశపెట్టెను. వేగముగా మలుపు తిప్పినపుడు దాని వెనుక చక్రములు లోనికి మడిగి బండి తలక్రిందులగుచు వచ్చెను. 1970లో వెనుక భాగపు కట్టుబాటును మార్చిరి. అంతటితో తృప్తి చెందక, పనికాలము తీరిన ఆ బండ్లను ప్రజలకు మామూలుగా అమ్మక, ముక్కలుగా కోయించి పారవేయు పద్ధతి పెట్టిరి. పాత బండి అమ్మినచో డబ్బు వచ్చును. అయినను ప్రాణభయము చేత కోయించిరి. పాత బండి కొనువారు ఈ సంగతిని మరువరాదు.

పౌరులు వాడు జీపుల చరిత్రయు నిట్టిదే. సీజే-5 అను జీపు 1954 నుండి 1983 వరకు తయారయ్యెను. 1980 డిసెంబరులో అచ్చటి టెలివిజనులో ఆ బండి మలుపులో బోల్తాపడుటను చూపిరి. పరీక్ష జరిపిన తీరు సరికాదని కంపెనీ వాదించెను. వాద మెట్లున్నను, 1986లో సీజే వంశమునకు వారసురాలిగా వచ్చిన రాంగ్లర్ అను జీపు మునుపటి దానికంటె వెడల్పుగను, నేలకు దగ్గరగను నుండెను. జపాను సుజుకీ కంపెనీ అమెరికాలో అమ్మిన సమురాయ్ అను చిన్న జీపును 1988లో అచ్చటి వినియోగదారుల సంఘమొకటి, బోల్తా స్వభావము కలదని చెప్పి, అంగీకారయోగ్యము కాదని ప్రకటించెను. ప్రభుత్వ శాఖ మాత్రము ప్రత్యేక విచారణకు పూనుకొనలేదు. కంపెనీ 1996లో వ్యాజ్యము వేసెను. 2004లో ఉభయులు రాజీపడిరి. ఇందు ఎవరిది న్యాయమో తీర్చుట నా పని కాదు. చిన్నది, ఇరుకైనది, ఎత్తైనది యగు బండిని గూర్చి లోకము ఆలోచింప సాగెననుటయే చెప్పదలచినది.

ఆ సమురాయ్ వంశమునకు చెందినదే మన జిప్సీ. మారుతీ కంపెనీ దానిని 1985 డిసెంబరులో విడుదల చేసెను. ముందు చక్రముల నడిమి యెడము 1,210 మిల్లీమీటర్లు. 1993లో కంపెనీ ఆ యెడమును 90 మిల్లీమీటర్లు పెంచి 1,300 చేసెను. 1996లో పెద్ద ఇంజను వచ్చెను. 2019లో సామాన్యులకు దాని అమ్మకము నిలిచెను. నేడు బజారులో దొరకు జిప్సీ లన్నియు పాతవే. వానిలో 1993కు పూర్వపువి ఇరుకైనవి, తరువాతివి వెడల్పైనవి అను భేదమును కొనువాడు తెలిసికొనవలెను.

ఆ 90 మిల్లీమీటర్ల విలువ యెంతయో ఒక లెక్కతో చెప్పెదను. చక్రముల నడిమి యెడములో సగమును గరిమనాభి ఎత్తుతో భాగింపగా వచ్చు సంఖ్యను బట్టి అమెరికా ప్రభుత్వము 2001 నమూనా బండ్ల నుండి బోల్తా గుణమును ప్రకటించుచున్నది. సామాన్యమైన కార్లకు ఆ సంఖ్య 1.30 మొదలు 1.50 వరకు, జీపు జాతి బండ్లకు 1.00 మొదలు 1.30 వరకు నుండును. ఎక్కువైన కొలది మేలు. గరిమనాభి 600 మిల్లీమీటర్ల ఎత్తున నున్నదని ఉదాహరణకు అనుకొందము. 1,210 యెడమునకు ఆ సంఖ్య 1.01, 1,300 యెడమునకు 1.08. ఇక గరిమనాభిని కేవలము 45 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములకు తక్కువ, పైకి జరిపినచో మరల 1.01 అగును. మూడంగుళములు జరిపినచో 0.96నకు పడిపోవును. కర్మాగారము వెడల్పు చేసి యిచ్చిన రక్షణను గ్రామపు వర్క్‌షాపులో ఒక్క పూటలో పోగొట్టుకొనుట యనగా నిదియే. ఇట్టి బండిని అంగుళమెత్తిన, పూర్వపు నిలుకడ దక్కుటకు యెడమును సుమారు రెండంగుళములు పెంచవలెను. చక్రములకు లోపల దిమ్మెలు పెట్టి వెడల్పు చేయుదమందురు. అపుడు బేరింగులపైనను, బోల్టులపైనను కంపెనీ తలపని భారము పడును.

బండి నున్నని రోడ్డుపై తనంతట తాను దొర్లుట అరుదు. అమెరికా రహదారి భద్రతా శాఖ లెక్కల ప్రకారము, ఒంటరి బండి బోల్తాలలో నూటికి 95 వంతులు చక్రము దేనికో తట్టుకొనుటచే జరుగునవే. రోడ్డు అంచు దిగి మెత్తని మట్టిలో దిగబడుట, గట్టునకు కొట్టుకొనుట, కాలువలోనికి జారుట, ఇవియే కారణములు. మన ప్రాంతమును చూడుడు. దుగ్గిరాల లాకులనుండి కొమ్మమూరు కాలువ వెంట దక్షిణముగా పోవు బాటకు ఒక వైపున నీరు, వేరొక వైపున పల్లపు చేలు. వానకు తడిసిన నల్లరేగడి అంచు చూచుటకు గట్టిగా నుండును. చక్రము మోపగనే క్రుంగును. ఒక ప్రక్క చక్రములు అంచు దిగినపుడు బెదరి స్టీరింగును ఒక్కమారుగా త్రిప్పువాడే ఎక్కువగా పడిపోవును. కాలు తీసి, వేగము తగ్గనిచ్చి, మెల్లగా పైకి తెచ్చుకొనవలెను. మనిషి స్టీరింగు తప్పినపుడు తనంతట సరిదిద్దు ఎలక్ట్రానిక్ సాధనమును అమెరికాలో 2012 నమూనా బండ్లకెల్ల విధిగా చేసిరి. మన పాత జీపులలో, జిప్సీలలో అది లేదు. డ్రైవరు బుద్ధియే దానికి బదులు.

బోల్తాపడిన పిమ్మట ప్రాణమును కాపాడునవి రెండు: తలపై గట్టి ఇనుప కమాను, నడుమునకు పట్టీ. స్వీడను దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టరులన్నింటికి రక్షణ చట్రము ఉండితీరవలెనని శాసించెను. తరువాతి యేండ్లలో అచ్చట ట్రాక్టరు బోల్తా మరణములు మిక్కిలి తగ్గినవి. కాన్వాసు కప్పుగల జీపునకు అట్టి చట్రము ఏదియు లేనిచో బోల్తాలో మనిషి తలయే కప్పునకు స్తంభమగును. అయితే చట్రమున్నను పట్టీ లేనివాడు బయట పడి, బండి క్రిందనే నలుగును. పట్టీ కట్టుకొన్నవానికి బోల్తాలో మరణభయము నూటికి 75 వంతులు తగ్గునని ఆ శాఖ చెప్పుచున్నది. వెనుక ప్రక్కవాటు బల్లలపై పిల్లలను పట్టీ లేక కూర్చుండబెట్టుట ఎంతమాత్రమును తగదు. మీద సామానుల చట్రమెక్కించి బస్తాలు వేయుట గడ్డి బండి కథయే.

ఇన్ని చెప్పితిని గాన పాత బండి కొనరాదని తలపవలదు. మంచి జీపు పొలమునకును, వానకాలపు బురదకును పనికివచ్చు బండి. కొనునపుడు చూడవలసినవి కొన్ని కలవు. చాసిస్‌ను క్రింద పడుకొని చూడవలెను. నిజాంపట్నము, రేపల్లె దిక్కుల ఉప్పుగాలికి ఇనుము త్వరగా తినివేయబడును. రంగు క్రింద తుప్పు దాగియుండును. కోసి అతికిన వెల్డింగు గుర్తులున్న బండిని విడిచిపెట్టుడు. చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పుస్తకముతో సరిపోవలెను. అప్పు కంపెనీ పేరు అందులో ఇంకను ఉన్నదేమో చూడవలెను. స్టీరింగు ఆట, కమాను కట్టల చీలిక, బ్రేకులు ఒక ప్రక్కకు లాగుట, నాలుగు టైర్ల సమానత, వీనిని తెలిసిన మేస్త్రిచే పరీక్షింపజేయవలెను. ముందే ఎవరో పైకెత్తిన బండి యైనచో, పూర్వపు కమానులు తిరిగి వేయించు ఖర్చును ధరలో తగ్గించి అడుగవలెను.

చట్టము సంగతి కూడ మరువరాదు. తయారీదారు నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగా బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును వివరించుచు సుప్రీము కోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పెను. మార్పు తలపెట్టువాడు మేస్త్రి వద్దకు పోవుటకు ముందు రవాణా కార్యాలయమునకు పోయి అనుమతి అడుగవలెను. అనుమతి లేని మార్పుగల బండికి ప్రమాదము జరిగినపుడు బీమా కంపెనీతో చిక్కులు వచ్చును; అపుడు నష్టము ఇంటి పెద్దపైననే పడును.

పెద్దలారా, కొనెద నని వచ్చిన కుర్రవానిని కసరి పంపిన ప్రయోజనము లేదు. వాడు మరియొకచోట అప్పు చేసి తెచ్చుకొనును. వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "అబ్బాయీ, బండి కొనుక్కో, ఎత్తు పెంచే సొమ్ముతో మంచి బ్రేకులు, మంచి టైర్లు, నాలుగు పట్టీలు, తలపై ఇనుప కమాను అనుమతితో వేయించు" అని చెప్పుడు. గడ్డి బండి తోలిన అనుభవము మీది, వేగము వానిది. రెండును కలిసినపుడే ఆ బండి కాలువ కట్ట దాటి క్షేమముగా ఇల్లు చేరును.

సెలవు.