గంజాం, యానాం తీరములలో తుపాను హెచ్చరిక: రేడియో చరిత్ర

ఒడిశా తీరమున గోపాలపురము మొదలుకొని పూరీ వరకు తెలుగు మాటలాడు జాలరులు తరతరములుగా కాపురమున్నారు. పూరీలోని పెంఠకట వారి పెద్ద వాడ. ఒడియావారు వీరిని నోలియాలందురు. వీరిలో వాడబలిజలు పెక్కుమంది. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం మండలములో అధికభాగము మదరాసు రాజధానినుండి విడివడి నూతన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. పల్లెలు ఉన్నచోటనే యున్నవి. కచేరీ భాష మారినది. ఈ మార్పు బడులపై చూపిన ప్రభావమును గూర్చి తఱచుగా చర్చింతురు. తుపాను హెచ్చరికపై దాని ప్రభావమును విచారించుట అరుదు. తుపాను వార్త వినుటకు ఒక యింటివారు ఎట్టి రేడియోను కొనవలెను, దానిని ఏ కేంద్రమునకు త్రిప్పవలెను అనునది అంగడి ప్రశ్నవలె తోచును గాని, ఈ తీరమున అది చరిత్రకు సంబంధించిన ప్రశ్న కూడ.

యానాము స్థితి దీనికి భిన్నము. అది 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండి పిమ్మట పుదుచ్చేరి పాలనలో చేరినది. చుట్టును తెలుగు నేలయే. దాని చెంతనున్న కోరంగి 1789 డిసెంబరులోను, 1839 నవంబరు 25న మరల ఉప్పెన పాలయ్యెను. 1839లో మూడు లక్షలమంది మరణించిరని తరువాతి పట్టికలలో కానవచ్చు సంఖ్య నమ్మదగినదిగా తోచదు. ఆ చిన్న రేవున అంతటి జనముండుటయే సందేహము. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడ్డింగ్టన్ కోరంగి ఉప్పెనను గూర్చి వ్రాసెను. 1848లో 'సైక్లోన్' అను పేరును ప్రచారమునకు తెచ్చినవాడు ఆతడే. పేరు వచ్చినది గాని ముందుగా తెలుపు సాధనము రాలేదు. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు మొదట బందరును తుపానులు ముంచివేసిన పిమ్మటనే, 1865లో కలకత్తా రేవునకు హెచ్చరిక యేర్పాటు జరిగెను. భారత వాతావరణ శాఖ 1875లో నెలకొనెను.

నాటి హెచ్చరిక చెవికి గాక కంటికి సంబంధించినది. తంతి ద్వారా వార్త రేవునకు చేరగా, అధికారి పగటివేళ స్తంభమునకు శంఖాకారపు గుర్తులను, పీపా వంటి గుర్తులను వ్రేలాడదీయించెడివాడు. రాత్రివేళ ఎఱ్ఱ దీపములు, తెల్ల దీపములు వెలిగించెడివారు. కాలక్రమమున 11 సంకేతములు స్థిరపడినవి. 1, 2 సంఖ్యలు దూరసముద్రమునందలి గాలికి. 3, 4 రేవునకు రానున్న దానికి. 5 మొదలు 7 వరకు అపాయము. 8 మొదలు 10 వరకు మహాపాయము. 11వది వింతయైనది: హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని దాని అర్థము. వార్త రాకపోవుటయు ఒక వార్తయే యని గ్రహించి దానికొక గుర్తును కల్పించినవారి దూరదృష్టి మెచ్చదగినది. ఈ గుర్తులకు భాష లేదు. తెలుగువాడు, ఒడియావాడు, తమిళుడు వానిని ఒక్కతీరుననే చదువగలరు. కాని రేవునకు ఆమడ దూరమున నున్న పల్లెకు ఆ స్తంభము కనబడదు.

ఆ లోపమును రేడియో తీర్చినది. భాషను మాత్రము వెంటబెట్టుకొని వచ్చినది. మదరాసు కేంద్రము 1938లోను, కటకము కేంద్రము 1948 జనవరిలోను, విజయవాడ కేంద్రము అదే సంవత్సరము డిసెంబరులోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ప్రసారములు ప్రారంభించినవి. ఏ తీరపు హెచ్చరికను ఆ రాష్ట్రపు భాషలో చదువుట ఆకాశవాణి పద్ధతి. అది న్యాయమే. యానాము పాలన ఎచ్చటినుండి జరిగినను, యానామువాడు విజయవాడను త్రిప్పి తన తీరపు వార్తను తన భాషలోనే వినగలిగెను. గంజాంవాని పని అట్లు కాదు. వానికి తెలుగున వినవచ్చునది విశాఖ. అది చెప్పునది కళింగపట్నము, భీమునిపట్నముల మాట. తన తీరపు మాట చెప్పునది కటకము. అది చెప్పునది ఒడియాలో.

నోలియాలు ఒడియా నెఱుగనివారు కారు. చేపల బేరము ఆ భాషలోనే సాగును. అయినను బజారు ఒడియా వేఱు, వార్తల ఒడియా వేఱు. తెలుగున అల్పపీడనము, వాయుగుండము, తుపాను అనువానిని ఒడియా వార్తలలో లఘుచాప, అవపాత, బాత్యా అందురు. లఘుచాప అనుదానిని ఊహించుకొనవచ్చును. బాత్యా సంస్కృతపు 'వాత్య'యే. నిఘంటువు త్రిప్పువానికి తెలియును గాని తెప్ప నడుపువానికి ఎట్లు తెలియును? అవపాత మరింత చిక్కు. తెలుగు బడిలో చదివిన బాలునకు అవపాతమనగా వాన, వడగండ్లు మొదలగునవి కురియుట. గంటకు 31 కిలోమీటర్లకు తగ్గని గాలిగల వాయుగుండము వచ్చుచున్నదని కటకము చెప్పగా, వాన పడునట యని ఆ బాలుడు ఇంటిలో చెప్పినచో తప్పు వానిది కాదు. గాలి 62 కిలోమీటర్ల కెక్కినచో అదియే తుపాను. ఈ మెట్లలో ఒకటి పొరబడినను, ఒడ్డున నుండవలసిన రాత్రి తెప్ప నీటిపై నుండును.

తొలినాటి వాల్వు రేడియోకు విద్యుత్తు గాని, బరువైన బ్యాటరీ గాని కావలెను. అది పల్లెలో సాముదాయిక రేడియోగానే సాధ్యమయ్యెను. 1960 ప్రాంతమున ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మటనే పెట్టె సామాన్యుని యింటికి చేరెను. దానికి పోస్టాఫీసులో కట్టవలసిన లైసెన్సు రుసుము 1980ల దశకములో తొలగినది.

ఆ దశకముననే ఇన్‌సాట్ ఉపగ్రహము ద్వారా ఒక క్రొత్త యత్నము జరిగెను. మదరాసునుండి పంపు సంకేతము, తీరమునందలి గ్రాహక యంత్రములలో అపాయమున్న జిల్లాలవానిని మాత్రమే మేల్కొలుపును. మొదట సైరను మ్రోగును, పిదప ప్రాంతీయ భాషలో వార్త వినబడును. అమెరికాలో ఇట్టి సదుపాయము ఇంటింటికిని కలదు. 162.400 మొదలు 162.550 మెగాహెర్ట్‌జ్ వరకు ఏడు స్థానములలో అహోరాత్రములు వాతావరణ ప్రసారము సాగును. పెట్టె మౌనముగా నుండి తన కౌంటీ గుర్తు వచ్చినంతనే పలుకును. మన యంత్రములు మొదట దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరములలో నెలకొన్నవి; అవియు కచేరీలలోనే గాని యిండ్లలో కాదు. బంధువులు ప్రేమతో తెచ్చి యిచ్చు అమెరికా పెట్టె ఈ తీరమున పలుకదు; ఆ స్థానములలో ఇచ్చట అట్టి ప్రసారము లేదు.

భాష అడ్డు లేని యానాములోను కష్టము తప్పలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను వేయిమందికి పైగా బలిగొన్నది; వారిలో వేటకు పోయిన జాలరులు పెక్కుమంది. ఇంటి పెట్టె పలుకు నడిసముద్రమున వినబడదు గదా! 1999 అక్టోబరు 17న గోపాలపురమును ఒక తుపాను, 29న పారాదీపును మహాతుపాను తాకినవి. రెండవదానిలో దాదాపు 10,000 మంది మరణించిరి. ఆ తరువాతనే 72 గంటల ముందుగా తొలి సూచన యిచ్చు నాలుగంచెల పద్ధతి వచ్చెను. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద 'ఫైలిన్' తీరము దాటుటకు ముందు లక్షలమందిని తరలించిరి. మరణములు పదులలోనే నిలిచినవి. 2019 మే 3న 'ఫణి' పూరీని తాకెను. పెంఠకట మిక్కిలి దెబ్బతినెను. తుపానుకు ముందు ఫోనులకు సందేశములు కోట్లలో వచ్చినవి. తాకిన పిమ్మట విద్యుత్తు లేదు, ఫోను లేదు. ఇది దినములకొలది సాగెను. 11వ సంకేతము చెప్పునది ఈ స్థితినే.

కావున ఇంటికి పెట్టె నెన్నుకొనువాడు పాటల మాధుర్యమునకంటె ఆ దినములను తలచుకొనవలెను. ఎఫ్.ఎం. స్వచ్ఛముగా వినబడును గాని దాని పరిధి పదుల కిలోమీటర్లే. దగ్గరి స్తంభము కూలినచో అది మూగవోవును. మీడియం వేవ్ రాత్రివేళ వందల కిలోమీటర్లు పోవును. ఒక కేంద్రము ఆగినను మఱియొకటి అందవచ్చును. మెఱుపులకు అందులో గరగర హెచ్చు. లోపలి ఫెర్రైటు కడ్డీ దిక్కునుబట్టి ప్రసారమును గ్రహించును గనుక, పెట్టెను మెల్లగా త్రిప్పి చూచినచో కొంత తీరును. రెండు బ్యాండులును గలదై, పల్లె అంగడిలో దొరకు సెల్లులతో నడుచునదై యుండవలెను. కొనుటకు ముందు ఆ యూరిలోనే పగలొకసారి, రాత్రి యొకసారి విని, ఏ కేంద్రము ఎచ్చట అందుచున్నదో గుర్తించుకొనుట మేలు.

గంజాం, పూరీలలోని తెలుగు ఇంటివారు ఇంకొక పని చేయవలసియున్నది. పెట్టె వెనుక ఒక కాగితముపై కటకము, విశాఖ కేంద్రముల స్థానములను, వాని క్రింద లఘుచాప, అవపాత, బాత్యా అను మూడు మాటలకు తెలుగును పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపవలెను. వాడని దినములలో సెల్లులను తీసి వేఱుగా నుంచవలెను; సముద్రపు ఉప్పుగాలికి లోపలి రేకులు తుప్పుపట్టును.